హెచ్4 గొప్పదా హెచ్7 గొప్పదా అని అడిగిన తమ్ముడికి

మొన్న రాత్రి పదకొండు దాటాక, నాకు తమ్ముడి వరసయ్యే కుర్రాడి నుంచి మెసేజ్ వచ్చింది. ఈమధ్యే ఒక పాత కారు కొన్నాడు. "అన్నయ్యా, నా కారు హెడ్‌లైట్లకి హెచ్4 బల్బులున్నాయి, రాత్రిపూట ఏమీ కనబడట్లేదు. హెచ్7 వేయించుకోమంటావా? హెచ్11 అయితే ఇంకా ఎక్కువ వెలుగట కదా" అని, కింద మూడు బల్బు డబ్బాల ఫొటోలు. "హెచ్7 నీ కారుకి పట్టదురా" అని ఒక్క ముక్క రాసేసి పడుకోవచ్చు, అది అబద్ధమూ కాదు. కానీ అలా రాయబుద్ధి కాలేదు. ఎందుకంటే కొన్నేళ్ల క్రితం నేనూ అచ్చం ఇలాగే ఆలోచించాను, నంబరు పెద్దదైతే వెలుగు ఎక్కువని, వెలుగు ఎక్కువైతే చూపు ఎక్కువని. మొదటి నమ్మకం పోవడానికి బల్బుల పట్టిక ఒకసారి చూస్తే సరిపోయింది. రెండోది పోవడానికి మాత్రం చాలా రాత్రులు పట్టింది. రోడ్డు మీద నాకు ఎదురయ్యేవాళ్లలో చాలామంది ఆ రెండో నమ్మకంతోనే బండి నడుపుతున్నారని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే అతనికి ఇవ్వాల్సిన జవాబు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నంబరులో క్రమం వెతక్కండి

హెచ్1 అంటే మొదటిది, అంతే. 1962లో యూరప్ తయారీదారులు వాహనాల కోసం తెచ్చిన తొలి హాలోజెన్ బల్బు అది, దానికి ఫిలమెంట్ (వేడెక్కి వెలిగే సన్నటి తీగ) ఒక్కటే. 1971లో హెచ్4 వచ్చింది, ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, ఒకటి హై బీమ్‌కి, ఒకటి లో బీమ్‌కి. హెచ్7 వచ్చేసరికి 1990లు. ఇక వెలుగు సంగతి చూస్తే, హెచ్1 55 వాట్లు, 1,550 ల్యూమెన్లు (ల్యూమెన్ అంటే బల్బు ఇచ్చే వెలుగుకి కొలత). హెచ్7 కూడా 55 వాట్లే, 1,500 ల్యూమెన్లు. హెచ్11 కూడా 55 వాట్లే, కానీ 1,350. అంటే మావాడు అన్నిటికంటే గొప్పదనుకున్నది ఈ మూడింట్లో ఆఖరుది. ఫాగ్ ల్యాంపుల్లో కనబడే హెచ్8 35 వాట్లు, 800 ల్యూమెన్లు మాత్రమే, దాని పక్క నంబరు హెచ్9 మాత్రం 65 వాట్లతో 2,100 దాకా ఇస్తుంది. ఈ వరసలో ఎక్కడా మెట్లు లేవు.

అయితే అతని ప్రశ్నలో నిజం అసలే లేదని అననుగానీ, ఆ నిజం వేరే చోట ఉంది. హెచ్4 హై బీమ్‌లో 60 వాట్లకి 1,650 ల్యూమెన్లు ఇస్తుంది, హెచ్7 కంటే ఎక్కువే. లో బీమ్‌కి వచ్చేసరికి అదే బల్బు 55 వాట్లు తిని 1,000 ల్యూమెన్లే ఇస్తుంది. హెచ్4 బల్బుని ఎప్పుడైనా వెలుతురులో పెట్టి లోపలికి చూశారా? లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు దొప్ప ఒకటి ఉంటుంది. ఆ ఫిలమెంట్‌ని రిఫ్లెక్టర్ (బల్బు చుట్టూ ఉండే వెండి పూత గిన్నె) ఫోకస్‌కి కాస్త ముందు నిలబెట్టి, కింది వైపు వెళ్లే వెలుగుని ఈ దొప్పతో అడ్డుకుంటారు. అప్పుడు రిఫ్లెక్టర్ పై సగానికే వెలుగు తగిలి, అక్కణ్నుంచి కిందికి, రోడ్డు మీదికి వంగుతుంది. కింది సగం ఖాళీగా కూర్చుంటుంది. ఎదురుగా వచ్చేవాడి కళ్లలో పడకుండా ఉండటానికి మనం కట్టే మూల్యం అది. హెచ్7లో ఈ దొప్ప ఉండదు. హెడ్‌లైట్‌లోని రిఫ్లెక్టరో, ముందు లెన్సు ఉండే ప్రొజెక్టర్‌లోని అడ్డురేకో ఆ పని చేస్తుంది కాబట్టి బల్బు నుంచి వచ్చే వెలుగు అంతగా వృథా కాదు. హెచ్7 కార్ల లో బీమ్ హాయిగా ఉండటానికి ఇదే కారణం. ఆ హాయి వచ్చింది బల్బూ హెడ్‌లైటూ కలిసి ఒక జంటగా తయారవడం వల్ల. బల్బు ఒక్కదాన్నీ తెచ్చి హెచ్4 హెడ్‌లైట్‌లో ఎలాగోలా ఇరికిస్తే లో బీమ్‌కి అడ్డు లేకుండా పోతుంది, ఆపై హై బీమ్ అనేదే ఉండదు.

మరి నంబరు దేనికి? నా లెక్కలో అది ఒక చిరునామా. అంచు నుంచి ఫిలమెంట్ ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, అడ్డంగా ఉండాలా నిలువుగా ఉండాలా, బల్బు కొసకి నల్ల పూత ఉండాలా వద్దా, చుట్టూ ఉన్న చెవులు (బల్బుని గాడుల్లో కూర్చోబెట్టే రేకులు) ఏ కొలతలో ఉండాలి, ఇవన్నీ ఆ నంబరులో ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి 37వ నంబరు నియమావళి కింద ఒక్కో బల్బుకీ బొమ్మ గీసి ఈ కొలతలన్నీ ఇచ్చారు. ఫిలమెంట్ పొడవు సుమారు అయిదు మిల్లీమీటర్లు. అది ఒక మిల్లీమీటరు పక్కకి జరిగినా, దూరాన రోడ్డు మీద వెలుగు పడే చోటు బాగా మారిపోతుంది. రిఫ్లెక్టర్ గీసిన ఇంజనీరు ఆ సన్నటి తీగ అక్కడే ఉంటుందని నమ్మి మిగతాదంతా కట్టుకుంటూ వచ్చాడు.

అందుకే చెవులు అరగదీసి వేసుకునే పద్ధతి చూస్తే నాకు బాధగా ఉంటుంది. హెచ్8, హెచ్9, హెచ్11 మూడింటి అడుగు భాగమూ దాదాపు ఒకటే, చెవులు మాత్రమే తేడా. ఆకురాయితో కాస్త గీకితే హెచ్11 చోట హెచ్9 కూర్చుంటుంది, 1,350 పోయి 2,100 వస్తుంది. విన్నప్పుడు నాకూ ఆశ పుట్టింది. కానీ హెచ్9 హై బీమ్ కోసం తయారైనది, దాని కొసకి హెచ్11కి ఉన్న నల్ల పూత లేదు. ఆ పూత ఉన్నదే నేరుగా ముందుకి దూసుకెళ్లే వెలుగుని ఆపడానికి. వేడి సంగతి సరేసరి. చెవులు వేరుగా పెట్టింది పొరపాటున కూడా ఒకదాని చోట ఇంకోటి పెట్టకూడదనే. బైకుల్లో వాడే హెచ్ఎస్1 కూడా ఇంతే. చూడటానికి హెచ్4లాగే ఉంటుంది కానీ అది 35/35 వాట్లది (హై బీమ్‌కి, లో బీమ్‌కి చెరో 35). దాని చోట 60/55 హెచ్4 పెట్టి, ఐడిలింగ్‌లో లైటు ఎందుకు గుడ్డిగా వెలుగుతోందో, బ్యాటరీ ఎందుకు దిగిపోతోందో తెలియక తిరిగేవాళ్లు నాకు తెలుసు.

100/90 రోజులు

ఇప్పుడు నా సంగతి. నా పాత కారుకి కూడా హెచ్4లే. మామూలువి తీసేసి 100/90 వాట్ల జత వేయించాను. మొదటి రాత్రి బయల్దేరగానే బానెట్ ముందు రోడ్డంతా తెల్లగా మెరిసిపోయింది, డబ్బు గిట్టుబాటైందనుకున్నాను. కొన్ని నెలలకి ఒకరోజు ప్లాస్టిక్ కాలుతున్న వాసన. బానెట్ ఎత్తి చూస్తే కుడివైపు బల్బు సాకెట్టు గోధుమ రంగుకి తిరిగి, ఒక మూల కరిగి బల్బు కాళ్లకి అంటుకుపోయి ఉంది. లాగితే ముక్కలైంది. రిఫ్లెక్టర్ మీద, బల్బుకి సరిగ్గా పైన, వెండి పూత మసకబారింది.

దాన్ని చూసిన ఎలక్ట్రీషియన్ నన్ను తిట్టలేదు. మామూలు 60/55 బల్బు ఒకటి పెట్టి, ఇంజన్ ఆన్ చేసి, మల్టీమీటరు తీశాడు. బ్యాటరీ దగ్గర 14 వోల్టులు. బల్బు సాకెట్టు దగ్గర 11.9. "చూడండి సార్, మీ వోల్టులు రెండు దారిలోనే పోతున్నాయి" అన్నాడు. పాత స్విచ్చు, సన్నటి వైర్లు, తుప్పు పట్టిన ఎర్త్. అన్నీ తలా కాస్త తినేస్తున్నాయి.

ఇక్కడ ఒక లెక్క తెలిస్తే మిగతా అంతా అర్థమవుతుంది. హాలోజెన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా పెరగదు, తగ్గదు. సుమారుగా వోల్టేజీకి 3.4 ఘాతంలో మారుతుంది. బల్బు పట్టికల్లో ఉండే ల్యూమెన్లు 13.2 వోల్టుల దగ్గర కొలిచినవి. 11.9 దగ్గర ఆ వెలుగులో 70 శాతమే మిగులుతుంది. అంటే నేను వెలుగు చాలట్లేదని ఏడ్చిన రోజుల్లో నా బల్బులు పని చేసిందే మూడింట రెండు వంతులకి కాస్త పైన. దానికి విరుగుడుగా నేను చేసిందేమిటంటే, ఎక్కువ కరెంటు లాగే బల్బులు పెట్టి అవే వైర్ల మీద ఇంకా ఎక్కువ బరువు మోపడం. కరెంటు పెరిగితే దారిలో నష్టమూ పెరుగుతుంది, ఆ నష్టం వేడిగా బయటపడుతుంది. సాకెట్టు కరిగింది అందుకే.

బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు లాగి, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చు) పెట్టి, పాత స్విచ్చు ఆ రిలేని నడిపించేలా మాత్రమే మార్చాడు. ఎర్త్ శుభ్రం చేశాడు. సాకెట్టు దగ్గర 13.4 వచ్చింది. అదే 60/55 బల్బు, అదే హెడ్‌లైటు, వెలుగు మాత్రం ముందున్నదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. కొత్త బల్బు కొనకుండా వచ్చిన వెలుగు అది. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వోల్టేజీ మరీ పెరిగినా బాగుండదు, అయిదు శాతం పెరిగితే బల్బు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది.

అరవై అయిదు మీటర్ల గోడ

వెలుగు పెరిగింది సరే, చూపు పెరిగిందా? ఈ ప్రశ్న నేను చాలా ఆలస్యంగా వేసుకున్నాను.

లో బీమ్‌కి పైన ఒక గీత ఉంటుంది, దాని పైన చీకటి, కింద వెలుగు. చాలా కార్లలో ఆ గీత ఒక శాతం కిందికి వంగేలా పెడతారు, అంటే పది మీటర్లకి పది సెంటీమీటర్లు. హెడ్‌లైటు నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే ఆ గీత రోడ్డుని తాకేది 65 మీటర్ల దగ్గర. రోడ్డు అంచు వైపు గీత కాస్త పైకి లేస్తుంది కాబట్టి అటువైపు ఇంకొంచెం దూరం కనబడుతుంది, కానీ మన దారి మధ్యలో హద్దు అదే. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో 65 మీటర్లు దాటడానికి మూడు సెకన్లు కూడా పట్టదు. ఇప్పుడు చెప్పండి, 55 వాట్ల చోట 90 వాట్లు పెడితే ఆ 65 మీటర్లు 66 అవుతాయా? కావు. గీత అక్కడే ఉంటుంది. గీతకి ఇవతల ఉన్నది ఇంకా తెల్లబడుతుంది, అంతే. హై బీమ్‌లో గీత లేదు నిజమే, కానీ అక్కడ కూడా దూరం రెట్టింపు కావాలంటే వెలుగు నాలుగు రెట్లు కావాలి. 60 వాట్ల నుంచి 100కి వెళితే లెక్క ప్రకారం వచ్చే దూరం, అన్నీ అనుకూలిస్తే, మూడో వంతు కూడా ఎక్కువ రాదు.

ఇంకో మాట. బానెట్ ముందు పది ఇరవై మీటర్లు తళతళలాడిపోతే మన కళ్లు ఆ వెలుగుకి అలవాటుపడి, అవతలి చీకట్లో ఉన్నదాన్ని ఇంకా తక్కువగా చూస్తాయి. 100/90తో నాకు "భలే కనబడుతోంది" అనిపించిన ఆ మొదటి రాత్రి, నిజానికి కనబడింది నేను ఇక ఎలాగూ తప్పించుకోలేని దూరంలో ఉన్న రోడ్డు. తప్పించుకోవడానికి వీలున్న దూరంలో ఏముందో ముందుకంటే తక్కువే కనబడి ఉంటుంది. ఈ సంగతి అర్థమైన రోజు నాకు భయం వేసింది, ఎందుకంటే ఆ వెలుగు చూసుకునే నేను వేగం పెంచాను.

అందుకే నా అభిప్రాయం ఇది, దీన్ని గట్టిగానే చెబుతాను. రాత్రి చూపుకి కావలసింది సరైన చోట పడే వెలుగు, దాన్ని బల్బు ఒక్కటే తెచ్చిపెట్టలేదు. హెడ్‌లైటు గీత ఎక్కడుందో చూసుకోకుండా, సాకెట్టు దగ్గర వోల్టులు కొలవకుండా, పసుపెక్కిన ప్లాస్టిక్ అద్దాన్ని పాలిష్ చేయించకుండా బల్బు మార్చడం పనికిరాదు. చాలాసార్లు ఎదుటివాడికి హాని కూడా.

మరి ప్లస్ బల్బులు, నీలం బల్బులు, ఎల్ఈడీలు?

ఇక్కడ నాతో వాదించేవాళ్ల దగ్గర మంచి పాయింట్లే ఉన్నాయి, వాటిని దాటేసి పోలేను.

డబ్బా మీద ప్లస్ 130 శాతం, ప్లస్ 150 శాతం అని రాసే మంచి కంపెనీల బల్బులు మోసం కాదు. అవి నిజంగానే మెరుగు, నేనూ వాడాను. కానీ ఆ శాతం మొత్తం వెలుగుది కాదు. రోడ్డు మీద ఒక నిర్ణీత చోట, చట్టం అడిగే కనీస వెలుగుతో పోల్చి చెప్పే లెక్క. వాట్లు అవే, ల్యూమెన్లు కూడా నియమావళి హద్దుల్లోనే ఉండాలి. ఫిలమెంట్‌ని ఇంకా కురచగా, గట్టిగా చుట్టి, లోపల వాయువు ఒత్తిడి పెంచి, ఇంకా వేడిగా వెలిగిస్తారు. ఫిలమెంట్ చిన్నదైతే ఫోకస్ చిక్కబడుతుంది, వెలుగు దూరానికి పోతుంది. నా వాదనకి ఇది అనుకూలమే అనుకుంటున్నాను, ఎందుకంటే ఇక్కడ కూడా గెలిపించింది చోటే. బదులుగా ఆయుష్షు తగ్గుతుంది. లోపల జినాన్ వాయువు నింపినంత మాత్రాన డబ్బా మీద పెద్దక్షరాలతో జినాన్ అని రాసినవి కూడా హాలోజెన్ బల్బులే, ఆ పేరుతో వచ్చే, ఫిలమెంట్ లేకుండా విద్యుత్ మెరుపుతో వెలిగే ఆర్క్ దీపాలతో వాటికి సంబంధం లేదు.

నీలం పూత ఉన్నవాటిని మాత్రం నేను సమర్థించలేను. మామూలు హాలోజెన్ వెలుగు కాస్త పసుపు, రంగు ఉష్ణోగ్రతలో చెబితే 3,200 కెల్విన్ చుట్టుపక్కల. దానిలో నీలం పాలు మొదటినుంచీ తక్కువే. పూత వేసి తెల్లగా చూపించాలంటే మిగతా రంగుల్ని కోసేయాలి, అంటే అసలు వెలుగునే తగ్గించుకోవాలి. ఒక వాన రాత్రి స్నేహితుడి కారులో వెళ్తున్నాను, అతనివి నీలం బల్బులు. తడి రోడ్డు నల్లటి అద్దంలా ఉంది, అంచు గీతలు మాయమయ్యాయి. అతను స్టీరింగ్ మీదికి వంగి నడిపాడు, ఇద్దరం మాటలు ఆపేశాం. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఎల్ఈడీ విషయంలో నాకు పూర్తి నిశ్చయం లేదు. ఫిలమెంట్ అంటే గుండ్రంగా చుట్టిన తీగ, చుట్టూ అన్ని వైపులా వెలుగు చిమ్ముతుంది. దాని చోట ఒక పలక మీద అటు కొన్ని ఇటు కొన్ని చిప్పులు అంటించి పెడితే రిఫ్లెక్టర్‌కి అది వేరే దీపం. చవకరకం వాటిలో చిప్పులు ఫిలమెంట్ చోటులో కూడా ఉండవు, అందుకే గీత చెదిరిపోయి ఎదుటివాడి కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి. మరోవైపు, చిప్పుల్ని సరిగ్గా ఫిలమెంట్ కొలతలోనే నిలబెట్టిన బల్బులు వచ్చాయి. జర్మనీలో 2020 నుంచి కొన్ని ప్రత్యేకమైన మోడళ్లకి, పరీక్షించాక, అలాంటివాటికి అనుమతి ఇస్తున్నారు. ఏ కారుకి ఏ బల్బు అని జత జతగా పరీక్షించి ఇస్తున్నారంటేనే, అన్నిటికీ పనికొచ్చే ఎల్ఈడీ బల్బు అనేది ఒకటి లేదని అర్థం.

అసలు కష్టమైన ప్రశ్న ఇంకొకటుంది. "ఎదురొచ్చేవాళ్లంతా కళ్లు పోయేలా లైట్లు వేసుకొస్తుంటే నేనొక్కణ్నే 55 వాట్లతో గుడ్డివాడిలా నడపాలా?" అని నన్ను అడిగినవాళ్లున్నారు. వాళ్లలో ఒకాయనకి అరవై దాటాయి. వయసుతో కంటికి వెలుగు ఎక్కువ కావాలి, మిరుమిట్లు పడ్డాక తేరుకోవడానికి సమయమూ ఎక్కువ పడుతుంది. ఆయన బాధ నిజం. హెచ్4 లో బీమ్ బలహీనమన్నదీ నిజమే, తయారీదారులు మంచి హెడ్‌లైటు పెట్టి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు. కానీ ఆయన తన లైట్లు పెంచితే, ఎదురుగా వచ్చే ఇంకో అరవై ఏళ్లాయన పరిస్థితి ఏమిటి? ఆ ఎదుటాయన ఒక మూడు సెకన్లు ఏమీ కనబడకుండా ఇద్దరి మధ్య ఉన్న అదే రోడ్డు మీద బండి నడుపుతాడు. ఆ మూడు సెకన్లలో మన వెలుగు మనల్ని కాపాడదు. నా దగ్గర దీనికి అందమైన పరిష్కారం లేదు. ఆయనకి రిలే కిట్టు వేయించుకోమన్నాను, అద్దం పాలిష్ చేయించమన్నాను, మంచి ప్లస్ రకం బల్బులు, గుండ్రటి గడిలో ఇంగ్లిష్ E అక్షరం ఆమోద ముద్ర ఉన్నవి, కొనమన్నాను. విన్నాడో లేదో తెలియదు.

నాకూ ఒకసారి ఇలాగే అయింది. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను, దారి పొడుగునా ఎదురొచ్చేవాళ్లు నాకు డిప్పర్ కొడుతూనే ఉన్నారు. లో బీమ్‌లోనే ఉన్నాను కదా, వీళ్లకేమైంది అనుకుంటూ వెళ్లాను. వెనక బరువుకి కారు ముందు భాగం లేచి, నా గీత వాళ్ల కళ్ల దాకా వెళ్లింది. డాష్‌బోర్డు మీద సున్నా నుంచి మూడు దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది కదా, బరువు ఎక్కినప్పుడు దాన్ని తిప్పి గీత దించుకోవాలి. ఆ కారు నా దగ్గర అప్పటికి నాలుగేళ్లుగా ఉంది, ఆ చక్రాన్ని నేను ఒక్కసారీ ముట్టుకోలేదు.

తమ్ముడి కారు

ఇదంతా అతనికి ఫోన్లో చెప్పాక, ముందు ఒక పని చేయమన్నాను. చదునైన చోట, గోడకి పది మీటర్ల దూరంలో కారు ఆపి, హెడ్‌లైటు మధ్య భాగం ఎత్తుని గోడ మీద టేపుతో గుర్తు పెట్టి, లో బీమ్ వేసి ఫొటో తీసి పంపమన్నాను. పంపాడు. ఎడమ లైటు గీత టేపుకి కాస్త కిందే, దాదాపు ఉండాల్సిన చోటే ఉంది. కుడి లైటుకి గీత అనేదే సరిగ్గా లేదు, వెలుగు ఒక ముద్దలా టేపుకి జానెడు పైన చెదిరి ఉంది.

బల్బు బయటికి తీసి చూడమన్నాను, గాజుకి వేలు తగలకుండా. వేళ్ల మీద జిడ్డు క్వార్ట్జ్ గాజుకి అంటితే అక్కడ వేడి పోగై బల్బు తొందరగా పోతుంది. హెచ్4కి మూడు చెవులుంటాయి, మూడూ గాడుల్లో కూర్చున్నాకే స్ప్రింగ్ క్లిప్పు వేయాలి. అతను తీసేసరికి ఒక చెవి గాడిలో లేదు, అంచు మీద ఎక్కి కూర్చుని ఉంది. అంతకుముందు ఎవరో బల్బు మార్చినప్పుడు క్లిప్పుని బలవంతంగా నొక్కేసి వదిలేసి ఉంటారు. ఎన్నాళ్లుగా ఆ ఫిలమెంట్ ఒకటి రెండు మిల్లీమీటర్లు ఒరిగి ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకి వెలుగుతోందో తెలియదు.

సరిగ్గా కూర్చోబెట్టి మళ్లీ ఫొటో పంపాడు. రెండు గీతలూ ఒకే ఎత్తులో, టేపుకి పది సెంటీమీటర్ల కింద. ఎడమ వైపు సాకెట్టు కొంచెం గోధుమ రంగుకి తిరిగినట్టుంది అన్నయ్యా అన్నాడు. ఆదివారం మల్టీమీటరు పట్టుకుని వస్తానని, అప్పటిదాకా ఏ బల్బూ కొనొద్దని చెప్పాను.